అయిదు మైక్రాన్ల పూత, ఆరు తులాల లోహం

చదరపు మీటరు మేర పల్లాడియం లోహాన్ని అయిదు మైక్రాన్ల మందాన పూయడానికి ఎంత లోహం పడుతుంది? మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చదరపు మీటరు మీద ఒక్క మైక్రాన్ పూత అంటే సరిగ్గా ఒక ఘన సెంటీమీటరు లోహం. పల్లాడియం ఘన సెంటీమీటరు 12 గ్రాములు తూగుతుంది. కాబట్టి అయిదు మైక్రాన్లకు 60 గ్రాములు, మన లెక్కలో ఆరు తులాలు. పూతగా కాక 100 మైక్రాన్ల రేకుగా వాడితే 120 తులాలు. గ్రాము 3,000 రూపాయలనుకుంటే మొదటిది లక్షా 80 వేలు, రెండోది 36 లక్షలు. ధర రోజురోజుకీ మారుతుంది గానీ, ఆ ఇరవై రెట్ల తేడా మారదు.

ఇంత ఖరీదైన లోహం ఎందుకు? హైడ్రోజన్‌ను వడకట్టడానికి. సహజవాయువునూ ఆవిరినీ కలిపి హైడ్రోజన్ తీస్తే దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, తేమ వస్తాయి. హైడ్రోజన్ కారులోని ఫ్యూయల్ సెల్‌కు ఇవి పడవు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ ఇంధనం 99.97 శాతం స్వచ్ఛంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అయితే కోటి అణువుల్లో రెండుకు మించకూడదు.

పల్లాడియంలో హైడ్రోజన్ దూరే తీరు విచిత్రమైనది. లండన్ టంకశాల అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1866లో దీన్ని గమనించాడు: ఈ లోహం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్ల హైడ్రోజన్‌ను మింగేస్తుంది. జంటగా ఉండే హైడ్రోజన్ అణువు లోహం ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి లోహంలో కరిగి, అవతలి వైపుకు చేరి, మళ్లీ జంట కట్టి బయటపడతాయి. మిగతా వాయువులకు ఈ దారి లేదు. కాబట్టి పూతలో ఎక్కడా బెజ్జం లేకపోతే అవతల దొరికేది అచ్చమైన హైడ్రోజనే.

పొర పలచబడితే లాభం లోహం ఆదా ఒక్కటే కాదు. పది మైక్రాన్ల పూతను అయిదుకు తగ్గిస్తే హైడ్రోజన్ ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. అదే రెట్టింపును పీడనంతో సాధించడం కష్టం, ఎందుకంటే ఇక్కడ లెక్కకొచ్చేది పీడనాల వర్గమూలాల తేడా. ఒకవైపు 4, మరోవైపు 1 వాతావరణ పీడనం ఉంటే ఆ తేడా 2 మైనస్ 1, అంటే 1. దాన్ని 2 చేయాలంటే మొదటి వైపు పీడనాన్ని 9కి పెంచాలి. ఆ కంప్రెసర్ కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మరి ఒక్క మైక్రానే పూస్తే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కుంది. అంత పలచని పొర సొంతంగా నిలవదు. వాయువు పారేలా సన్నని రంధ్రాలున్న పింగాణీ గొట్టం మీదో, ఉక్కు గొట్టం మీదో పూయాలి. ఆ రంధ్రాలన్నీ పూర్తిగా మూసుకుపోవాలంటే, వాటిలో అన్నిటికంటే పెద్దదాని వ్యాసానికి సుమారు మూడు రెట్ల మందం కావాలని ఈ పని చేసేవారి లెక్క. పెద్ద రంధ్రం ఒక మైక్రాన్ అయితే మూడు మైక్రాన్ల పూత, అయిదు అయితే పదిహేను. అంటే ఎంత లోహం ఖర్చవుతుందో తేల్చేది పూత పూసే నేర్పు కంటే ముందు కింద ఉన్న గొట్టం నునుపు. నన్నడిగితే, ఈ రంగంలో డబ్బు పెట్టాల్సింది మొదట అక్కడే.

పూత ఎలా పడుతుంది? ఎక్కువగా వాడే పద్ధతికి కరెంటు అక్కర్లేదు. తెల్లటి పింగాణీ గొట్టాన్ని తగరపు లవణ ద్రావణంలో ఒకసారి, పల్లాడియం లవణ ద్రావణంలో ఒకసారి, మధ్యలో కడుగుతూ పలుమార్లు ముంచుతారు. గొట్టం క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు తెచ్చే సన్నని పల్లాడియం రేణువులే తర్వాతి పూతకు విత్తులు. తర్వాత అమ్మోనియాలో కరిగించిన పల్లాడియం లవణం ఉన్న స్నానంలో, దాదాపు 60 డిగ్రీల వేడిలో ఉంచి హైడ్రజీన్ కలుపుతారు. హైడ్రజీన్ లవణంలోంచి లోహాన్ని విడదీస్తుంది; అది విషపదార్థం కాబట్టి ఫ్యూమ్ హుడ్ కింద తప్ప ముట్టుకోరు. గొట్టం చుట్టూ నైట్రోజన్ బుడగలు లేస్తుంటాయి, గోధుమరంగు మీద వెండి మెరుపు కమ్ముకుంటుంది.

బెజ్జం ఉందో లేదో చూసే పద్ధతుల్లో ఒకటి మన పంక్చర్ షాపుల్లోదే. గొట్టంలోకి నైట్రోజన్‌నో హీలియంనో ఒత్తిడితో పంపి, ద్రవంలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తారు. అయితే ఇక్కడ లోపానికి చోటు చాలా తక్కువ. 99.97 శాతం అంటే పది వేల లీటర్లలో మూడు లీటర్లకు మించి పరాయి వాయువు రాకూడదు. సూదిబెజ్జాలు నాలుగైదు చేరితే ఆ కోటా చెల్లిపోవచ్చు.

పూత బాగా కుదిరినా, వాడకంలో అది చిట్లే ప్రమాదం ఉంది. దాదాపు 300 డిగ్రీల కంటే తక్కువ వేడిలో హైడ్రోజన్ తగిలితే శుద్ధ పల్లాడియం ఘనపరిమాణంలో పది శాతం దాకా ఉబ్బుతుంది. మళ్లీ మళ్లీ ఉబ్బి తగ్గితే పగుళ్లే. విరుగుడు వెండి: బరువులో సుమారు 23 శాతం కలిపితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది, పైగా హైడ్రోజన్ ఇంకా సులువుగా పారుతుంది. ఖరీదైన లోహంలో చౌక లోహం కలిపితే పనితనం పెరగడం అరుదైన సంగతే!

వేడి తెచ్చే తంటా వేరు. మీటరు పొడవు గొట్టాన్ని 400 డిగ్రీలు వేడెక్కిస్తే పల్లాడియం 4.7 మిల్లీమీటర్లు సాగాలనుకుంటుంది, పింగాణీ సుమారు 3, స్టెయిన్‌లెస్ ఉక్కు దాదాపు 7. అతుక్కుని ఉన్న రెండూ చెరో వైపు లాగితే పూత ఊడిపోవచ్చు. ఉక్కులోని ఇనుము పల్లాడియంలోకి పాకకుండా మధ్యలో ఆక్సైడ్ పొర కూడా వేయాలి. వాయువులో గంధకం ఉంటే ఇంకో గొడవ, అది లోహాన్నే తినేస్తుంది. అందుకే దాన్ని ముందే తీసేస్తారు.

ఇన్ని జాగ్రత్తలు పడి ఎక్కడ వాడాలి? భారీ ప్లాంట్లలో మలినాలను పీల్చే గుళికల పద్ధతి చవగ్గా నడుస్తోంది. అక్కడ పల్లాడియంకు పెద్దగా పని లేదు. పైగా ప్రపంచంలో ఏటా గనుల నుంచి వచ్చే పల్లాడియం దాదాపు 200 టన్నులే, అందులోనూ పెద్ద వాటా వాహనాల పొగ శుద్ధికే పోతోంది. ఎల్‌ఈడీలు, చిప్‌లు చేసేచోట అత్యంత శుద్ధమైన హైడ్రోజన్ కోసం ఈ లోహపు వడపోతలను చాలాకాలంగా వాడుతున్నారు. అమ్మోనియాను విడగొడితే 75 శాతం హైడ్రోజన్, 25 శాతం నైట్రోజన్ వస్తాయి. వాడేచోటే చిన్న యంత్రంతో ఆ రెండింటినీ వేరుచేయడానికి ఇలాంటి గొట్టాలు అనువైనవి. ఇకపై ఎక్కడైనా ‘రెండు మైక్రాన్ల పొర’ అని చదివితే, అది ఎన్ని డిగ్రీల వేడిలో, ఎన్ని వేల గంటలు కారకుండా నిలిచిందో కూడా రాశారేమో చూడండి. ఆ అంకె లేకపోతే మందం గురించి చెప్పింది సగం సమాచారమే.