తుంటిలో లోహం ఉందా? సీటీ గదిలో ముందే చెప్పండి!

అమ్మమ్మకు రెండ్రోజులుగా పొత్తికడుపులో నొప్పి. డాక్టర్ సీటీ స్కాన్ రాశారు. మనవడు బిల్లు కట్టి, డయాగ్నొస్టిక్ సెంటర్‌లో టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు. పేరు పిలిచారు. ‘గొలుసు తీసేయండమ్మా, మొలకు తాళాలు గట్రా ఏమైనా ఉన్నాయా?’ అన్నాడు టెక్నీషియన్. అమ్మమ్మ అన్నీ తీసి మనవడి చేతిలో పెట్టి లోపలికెళ్లింది. పది నిమిషాల్లో పనైపోయింది.

తీయడానికి వీల్లేని లోహం మాత్రం ఆవిడ ఒంట్లోనే ఉంది. ఆరేళ్ల కిందట బాత్రూమ్‌లో జారిపడితే కుడి తుంటి కీలు మార్చారు. ఇంట్లో అందరూ దాన్ని ‘కాలి ఆపరేషన్’ అంటారు. కడుపునొప్పి స్కాన్‌కీ కాలి ఆపరేషన్‌కీ ఏం సంబంధమని ఎవరూ చెప్పలేదు. ఇది ఏ ఒక్కరి ఇంటి కథో కాదు. స్కానింగ్ సెంటర్లలో తరచూ జరిగేదే.

ఎంఆర్ఐ దగ్గరైతే ఇలా జరగదు. అక్కడ ఉండేది పెద్ద అయస్కాంతం కాబట్టి ‘ఒంట్లో రాడ్లు, ప్లేట్లు, పేస్‌మేకర్ ఏమైనా ఉన్నాయా?’ అని ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు. సీటీలో అయస్కాంతం ఉండదు. లోహం కదిలిపోతుందన్న భయం లేదు. అందుకే ఆ మాట ఎవరికీ గుర్తుకు రాదు. కానీ సీటీలోనూ లోహం వల్ల రెండు చిక్కులున్నాయి. ఒకటి, బొమ్మ పాడవుతుంది. రెండోది మన కంటికి కనిపించదు. కొన్ని యంత్రాల్లో రేడియేషన్ డోస్ అనవసరంగా పెరిగిపోతుంది. ముందే తెలిస్తే ఈ రెండింటికీ విరుగుడు ఉంది.

తెలివైన యంత్రం బోల్తా పడేది ఇక్కడే

సీటీ యంత్రం అసలు స్కాన్‌కి ముందు ఒక పలుచటి ఎక్స్-రే బొమ్మ తీసుకుంటుంది. దాన్ని ‘స్కౌట్’ అంటారు. ఒంట్లో ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలుచగా ఉంది అనేది అందులో చూసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలే కాబట్టి అక్కడ కరెంట్ తగ్గిస్తుంది. భుజాలు, తుంటి దగ్గర ఎముక ఎక్కువ కాబట్టి పెంచుతుంది. కరెంట్ పెరిగితే ఎక్స్-కిరణాలు పెరుగుతాయి, వాటితోపాటు డోసూ పెరుగుతుంది. ఇదంతా ఆటోమేటిక్‌గా జరిగిపోతుంది. మామూలు మనుషుల విషయంలో ఇది చాలా మంచి ఏర్పాటు. సన్నగా ఉన్నవాళ్లకు తక్కువ డోస్ పడుతుంది.

తుంటిలో కోబాల్ట్-క్రోమియం బంతి, టైటానియం కాడ ఉన్నప్పుడే తిరకాసు మొదలవుతుంది. స్కౌట్‌లో ఆ లోహం దట్టంగా కనబడుతుంది. ‘ఇక్కడ చాలా మందంగా ఉందే’ అనుకుని యంత్రం కరెంట్‌ను పెంచేస్తుంది. అది లోహమని దానికి తెలియదు.

ఫోన్ కెమెరాతో పోల్చుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. కిటికీకి ముందు ఫ్రెండ్‌ని నిలబెట్టి ఫొటో తీస్తే మొహం నల్లగా వస్తుంది. వెనకాల వెలుతురు చూసి ఆటో మోడ్ లెక్క తప్పుతుంది. అప్పుడు మనమేం చేస్తాం? స్క్రీన్ మీద మొహాన్ని వేలితో తాకుతాం. ‘చూడాల్సింది కిటికీని కాదు, దీన్ని’ అని ఫోన్‌కి చెప్పినట్టు. సీటీ గదిలో ఆ వేలు టెక్నీషియన్‌ది. అయితే లోహం ఉందన్న సంగతి ఆయనకు ముందు తెలియాలి కదా!

స్కౌట్ బొమ్మలో ఇంప్లాంట్ కనిపిస్తుంది, నిజమే. అనుభవం ఉన్న టెక్నీషియన్ వెంటనే పట్టేస్తాడు. కానీ బయట నలభై మంది క్యూలో ఉన్నప్పుడు, ప్రోటోకాల్ ముందే ఎంచి పెట్టుకున్నప్పుడు, ఆగి సెట్టింగ్ మార్చడం ప్రతిసారీ జరగకపోవచ్చు.

డోస్ పెంచితే బొమ్మ బాగుపడదా?

పెద్దగా బాగుపడదు. అసలు పాయింట్ ఇదే. లోహం ఎక్స్-కిరణాల్లో చాలా భాగాన్ని మింగేస్తుంది. దాన్ని దాటుకుని అవతలికి చేరేవి కొద్దే. పైగా వాటిలో ఎక్కువ శక్తి ఉన్నవే మిగులుతాయి. దాంతో కంప్యూటర్ లెక్కలు తప్పి, బొమ్మ మీద తెల్లవి, నల్లవి చారలు పడతాయి. రెండు తుంట్లలోనూ ఇంప్లాంట్ ఉంటే వాటి మధ్య ఒక నల్లటి పట్టీ కనిపిస్తుంది. మూత్రాశయం, ప్రొస్టేట్, గర్భాశయం ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కరెంట్ పెంచితే చుక్కచుక్కల నాయిస్ కొంత తగ్గుతుందేమో గానీ, ఆ చారలు అలాగే ఉంటాయి. అంటే అదనపు రేడియేషన్ పడుతుంది, దానికి తగ్గ ఫలితం రాదు.

ఇది ఇవాళ కొత్తగా తేలిన విషయం కాదు. ఆటోమేటిక్ కరెంట్ వాడేటప్పుడు లోహం వల్ల డోస్ పెరగకుండా ఏం చేయాలో అమెరికా పరిశోధకులు 2005లోనే ‘రేడియాలజీ’ పత్రికలో రాశారు. అన్ని కంపెనీల యంత్రాలూ ఒకేలా స్పందించవు. కొన్ని ఎక్కువ పెంచుతాయి, కొన్ని తక్కువ. అందుకే తమ దగ్గరున్న యంత్రం ఏం చేస్తుందో అక్కడి సిబ్బందికి తెలిసి ఉండాలి.

మరి తగ్గించేదెలా?

మొదటిది చాలా సింపుల్. కరెంట్ ఇంతకు మించి పోకూడదని యంత్రానికి హద్దు పెట్టడం. లేదంటే ఆటో ఆపేసి, మనిషి సైజును బట్టి ఒకే కరెంట్ ఇవ్వడం. మిగతావన్నీ అలాగే ఉంచి కరెంట్ సగం చేస్తే డోసూ సగమవుతుంది. నాయిస్ మాత్రం రెట్టింపు కాదు, సుమారు 40 శాతమే పెరుగుతుంది.

ఆ నాయిస్ సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. చీకట్లో తీసిన ఫొటోని ఫోన్ శుభ్రం చేసినట్టే, తక్కువ డోస్‌తో తీసిన సీటీ బొమ్మను శుభ్రం చేసే పద్ధతులు వచ్చాయి. ఇప్పుడు ఏఐతో చేసేవీ ఉన్నాయి. చారల కోసం ప్రత్యేకంగా లోహపు మచ్చలు తగ్గించే ప్రోగ్రాములున్నాయి. ఐమార్, ఓ-మార్, సెమార్ లాంటి పేర్లతో ఒక్కో కంపెనీ ఒక్కోటి ఇస్తోంది. ఇవి స్కాన్ అయ్యాక కంప్యూటర్‌లో జరిగే పనులు కాబట్టి వీటికోసం అదనపు రేడియేషన్ అక్కర్లేదు. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. ఇవి ఒక్కోసారి లేని మచ్చల్ని పుట్టిస్తాయి. అందుకే రేడియాలజిస్టులు అసలు బొమ్మనూ, శుభ్రం చేసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు.

పెద్ద ఆస్పత్రుల్లో రెండు రకాల శక్తులతో స్కాన్ చేసే డ్యుయల్ ఎనర్జీ సీటీలు ఉంటాయి. వాటిలోనూ చారలు తగ్గించే వీలుంది. ప్రతి ఎక్స్-రే కణాన్నీ విడిగా లెక్కపెట్టే ఫోటాన్ కౌంటింగ్ సీటీకి 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

ఖరీదైన యంత్రం లేకపోయినా చేయగలిగింది చాలానే ఉంది. అవసరమైన భాగం వరకే స్కాన్ చేయడం, ఒక రౌండ్‌తో సరిపోయేచోట రెండు మూడు రౌండ్లు తీయకపోవడం. ప్రతి రౌండ్‌కీ డోస్ మళ్లీ పడుతుంది. డాక్టర్ అడిగిన ప్రశ్న ఏంటనేది కూడా ముఖ్యమే. కిడ్నీలో రాయి ఉందా, ఎముక విరిగిందా అని చూడ్డానికి బొమ్మలో కాస్త నాయిస్ ఉన్నా ఫర్వాలేదు. లివర్‌లో చిన్న గడ్డ వెతకాలంటే మాత్రం బొమ్మ నున్నగా ఉండాలి. డోస్ తగ్గించడమంటే గుడ్డిగా కోసేయడం కాదు, జవాబుకు సరిపడా వాడటం.

ఇంతకీ ఎంత పడుతుంది?

స్కాన్ రికార్డుల్లో సాధారణంగా ఒక డోస్ పేజీ ఉంటుంది. అందులో డీఎల్‌పీ అని ఒక అంకె కనిపిస్తుంది. పెద్దవాళ్ల పొట్ట, తుంటి భాగానికైతే దాన్ని 0.015తో గుణిస్తే మిల్లీసీవర్ట్‌లలో ఉజ్జాయింపు లెక్క వస్తుంది. ఉదాహరణకు డీఎల్‌పీ 500 ఉంటే 7.5 మిల్లీసీవర్ట్‌లు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రకృతి మనకిచ్చే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే మూడేళ్లలో పడేది ఒక్క స్కాన్‌లో పడిందన్నమాట.

ఇది విని కంగారు పడొద్దు. ఒక్క స్కాన్ వల్ల వచ్చే ముప్పు చాలా చిన్నది. అపెండిక్స్ పగిలిందో లేదో తెలియకపోవడం అంతకంటే చాలా పెద్ద ముప్పు. అవసరమైన స్కాన్‌ని రేడియేషన్ భయంతో ఎగ్గొట్టడం తెలివైన పని కాదు. పనికిరాని డోస్‌ని వద్దనుకోవడం మాత్రం తెలివైన పనే.

ఇది పెద్దవాళ్ల గొడవేనా?

కాదు. తుంటి కీలు అరిగిపోయి మార్పించుకునేది తాతలే అనుకుంటాం. ఎముకకు రక్తం అందక తుంటి బంతి పాడయ్యే జబ్బు ఒకటుంది, ఎవాస్క్యులర్ నెక్రోసిస్. ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడినా, మద్యం అతిగా తాగినా, సికిల్ సెల్ ఉన్నా, తుంటికి గట్టి దెబ్బ తగిలినా రావచ్చు. ఇది ముప్పై, నలభై ఏళ్లవాళ్లకూ వస్తుంది. అలా చిన్న వయసులో కీలు మార్చుకున్నవాళ్ల ముందు ఇంకా నాలుగైదు దశాబ్దాల జీవితం ఉంటుంది. అంటే భవిష్యత్తులో స్కాన్లూ ఎక్కువే. రేడియేషన్ ప్రభావం వయసులో ఉన్నవాళ్ల మీదే ఎక్కువ. పిల్లల్ని కనాలనుకునేవాళ్లకు ఇది ఇంకాస్త ముఖ్యం.

వెళ్లేముందు ఇవి గుర్తుంచుకోండి

* ‘కుడి తుంటిలో ఇంప్లాంట్ ఉంది’ అని డాక్టర్ చీటీ రాసేటప్పుడే చెప్పండి. టేబుల్ ఎక్కేముందు టెక్నీషియన్‌కి మళ్లీ చెప్పండి. మోకాలైనా, వెన్నులో స్క్రూలైనా సరే.

* ఆపరేషన్ అప్పుడిచ్చిన ఇంప్లాంట్ కార్డుని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. అది ఏ లోహమో అందులో ఉంటే పనికొస్తుంది. టైటానియం కంటే కోబాల్ట్-క్రోమియంతో చారలు ఎక్కువ.

* ‘అల్ట్రాసౌండ్ సరిపోతుందా డాక్టర్‌గారూ?’ అని అడగడంలో తప్పేం లేదు.

* పాత స్కాన్ల సీడీలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఒక్కోసారి కొత్త స్కాన్ అవసరమే ఉండకపోవచ్చు.

* గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

* డోస్ పేజీ కూడా కావాలని అడిగి తీసుకోండి.

మన దేశంలో సీటీ యంత్రం నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉండాలి. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసే వ్యవస్థ ఉంది. అమ్మమ్మ తుంటిలో ఏముందో మాత్రం ఏ లైసెన్సులోనూ రాసి ఉండదు. ఆవిడ చెప్పకపోతే, పక్కన గొలుసు పట్టుకుని నిలబడ్డ మనవడైనా చెప్పాలి. ‘అన్నా, మా అమ్మమ్మకి తుంటి మార్చారు, కొంచెం చూసి చేయండి’ అంటే చాలు. సెట్టింగ్ మార్చే సంగతి వాళ్లు చూసుకుంటారు.