నేటి ఊరట - రేపటి ఆరోగ్యము

క్షయరోగి క్రమముగా మందులు వాడనారంభించిన కొన్ని వారములకే సాధారణముగా జ్వరము తగ్గును, దగ్గు నెమ్మదించును, ఆకలి పుట్టును, బరువు హెచ్చును. ఇది స్వల్పలాభము కాదు. ఇంటిల్లిపాదియు సంతోషింపదగినది.

అయినను ఊరట వేరు, స్వస్థత వేరు. చురుకుగా పెరుగు క్రిములు మొదటనే చచ్చును. మందకొడిగా నుండు క్రిములు శరీరమున దాగియుండును. వానిని గూడ తుదముట్టించుటకే, మందులకు లొంగు క్షయకు సాధారణముగా 6 నెలల చికిత్స ఏర్పడినది. నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. మందులకు లొంగకుండను పోవచ్చును.

అంతమాత్రమున ఆ 6 నెలలును జీవితమును వాయిదా వేయనక్కరలేదు. మద్రాసులో 1956లో ఆరంభమైన పరిశోధన, ఇంటివద్ద మందులు వాడినవారును శానిటోరియములోని వారివలెనే కోలుకొనిరని 1959లో వెల్లడించినది. రోగి తనవారి నడుమ నుండి, దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుచు, బిడ్డల ముచ్చటలను, వేడి అన్నపు రుచిని అనుభవింపవచ్చును.

మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించును. ప్రతిదినము మందు మ్రింగినవెంటనే గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి గుర్తు పెట్టుట మంచిది. ప్రతి గుర్తును ఆనాటి గెలుపే. కాని వైద్యుడు చాలునని చెప్పువరకు మందు మానరాదు. నేటి సుఖమును అనుభవించుచు, రేపటి మోతాదును మరువనివారే వ్యాధిని జయింతురు.