వాననీటి జీవికి బోరునీటి తొట్టి: ఫెయిరీ ష్రింప్ పెంపకంలో ఆకస్మిక మరణాలు

కర్నూలు జిల్లా కోడుమూరు వంటి మెట్టప్రాంతాలలో నైరుతి రుతుపవనాలకు నిండి, కొద్ది వారాలకే ఇంకిపోయే గుంటలు ఫెయిరీ ష్రింప్‌కు అనువైన ఆవాసాలు. దక్షిణ భారతంలో ఈ వర్గానికి చెందిన స్ట్రెప్టోసెఫాలస్ డైకోటోమస్ సుపరిచితమైన జాతి. ఎండిన మట్టిలో నిద్రాణంగా ఉన్న గుడ్ల నుండి, నీరు తగిలిన ఒకటి రెండు రోజులలో పిల్లలు వెలువడతాయి. ఈ మట్టిని ఇంటి తొట్టిలో నానబెట్టి పెంచేవారికి తరచుగా ఎదురయ్యే సమస్య, నిన్నటివరకు ఈదుతున్న జీవులన్నీ ఒక్కసారిగా మరణించడం.

ఈ సమస్యకు కొంతవరకు పేరే కారణం. 'ష్రింప్' అన్నంత మాత్రాన ఇది రొయ్య కాదు. రొయ్య దశపాద వర్గానికి చెందినది. దీనికి సాధారణంగా పదకొండు జతల ఆకువంటి కాళ్లుంటాయి. వెల్లకిలా ఈదుతూ ఆ కాళ్లతోనే ఆహారాన్ని వడగడుతుంది, శ్వాసక్రియలోనూ వాటినే వినియోగిస్తుంది. కోస్తా హేచరీలలో రొయ్యపిల్లలకు మేతగా వాడే ఆర్టీమియా దీనికి దగ్గరి బంధువే అయినా ఉప్పునీటి ప్రాణి. ఆ పద్ధతిని ఇక్కడ అనుసరించి నీటిలో ఉప్పు కలిపితే నష్టం తప్పదు.

కారణాన్ని గుర్తించడానికి మరణం సంభవించిన సమయం ముఖ్యమైన ఆధారం. నీరు మార్చిన కొన్ని గంటలలోనే అన్నీ చనిపోతే ఆ నీటినే అనుమానించాలి. వాననీటిలో లవణాలు అత్యల్పం; రాయలసీమలో అనేకచోట్ల బోరునీటిలో అవి అధికం. ఒక్కసారిగా జరిగే ఈ మార్పును లేత శరీరం తట్టుకోలేదు. కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా ప్రాణాంతకమే. ఎండకు నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి కనుక, తరిగిన మేరకు వాననీటినో డిస్టిల్డ్ వాటర్‌నో కొద్దికొద్దిగా చేర్చాలి.

తెల్లవారేసరికి చనిపోయి కనిపిస్తే ప్రాణవాయువు కొరతను శంకించాలి. పచ్చని నాచు పగలు ప్రాణవాయువును విడుదల చేసినా, రాత్రి వినియోగిస్తుంది. ఈస్ట్ ఎక్కువైనప్పుడు సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి అదే స్థితిని కలిగిస్తాయి. నిజానికి ఆకలికంటె అతిమేతే ఎక్కువ తొట్లను ఖాళీ చేస్తుంది. మేత వేసినప్పుడు నీరు లేతగా మసకబారి, మరునాటికి తేటపడితే మోతాదు సరైనదని భావించవచ్చు. తేటపడకుంటే ఆనాటికి మేత ఆపడం మేలు. దుర్వాసన వస్తే నాలుగోవంతుకు మించకుండా, అదే వేడిమి గల నీటితో మార్చాలి. భయపడి మొత్తం నీటిని పారబోయడం రెండో విపత్తు.

పొదిగిన రెండు మూడు రోజులకు పిల్లలు క్రమంగా తగ్గిపోవడం వేరు. అప్పటికి వాటిలోని పచ్చసొన నిల్వ తీరిపోతుంది. నోటికి అందేంత సన్నని మేత లేకపోతే నశిస్తాయి. కొన్ని వారాల తరువాత పెద్దవి ఒక్కొక్కటిగా రాలిపోవడం మాత్రం వార్ధక్యమే కావచ్చు. ఆడజీవి పొట్టకింది సంచి నుండి గుడ్లు అప్పటికే అడుగుమట్టిలో చేరి ఉంటే, ఆ తొట్టి ఖాళీ అయినట్లు కాదు. మట్టిని నీడన ఆరబెట్టి భద్రపరచాలి. మళ్లీ తడిపేటప్పుడు సగమే తడపాలి. తొలి తడికి గుడ్లన్నీ పొదగవు, పొదిగినవన్నీ బతకవు.