కాలికి తగిన మేజోడు

ఢిల్లీ నగరానికి చలికాలం వచ్చిందంటే కాలిబాటల మీద ఉన్ని మేజోళ్ల గుట్టలు వెలుస్తాయి. సరోజినీ నగర్ మార్కెట్టులోనైనా, చాందినీ చౌక్ సందుల్లోనైనా బేరమాడి జతలకు జతలు కొనుక్కుపోయేవారికి కొదవ ఉండదు. రంగు నచ్చాలి, ధర కుదరాలి. అంతకుమించి పాదం సంగతి ఆలోచించేవారు తక్కువ. మేజోడు ఎవరి కాలికైనా సాగుతుంది గదా అన్నది సామాన్యుల భావన. కాని మధుమేహ రోగుల విషయంలో ఈ ఉపేక్ష పాదానికే ముప్పు తేగలదు.

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చేరువనున్న యూసఫ్ సరాయ్ మందుల దుకాణాలలో రెండు రకాల ప్రత్యేకమైన మేజోళ్లు దొరుకుతాయి. ఒకటి కంప్రెషన్ మేజోడు, రెండవది డయాబెటిక్ మేజోడు. చూపులకు ఇవి అన్నదమ్ముల్లా కనిపించినా స్వభావంలో పరస్పర విరుద్ధాలు. మొదటిది కాలిని బిగించి పట్టడానికి పుట్టింది. రెండవది ఎక్కడా బిగించకుండా ఉండడానికి పుట్టింది. ఈ తేడా తెలియక ఒకదానికి బదులు మరొకటి తొడుక్కోవడంలోనే అసలు ప్రమాదం ఉన్నది.

ఎదురెక్కే రక్తం

గుండె నుండి పాదానికి రక్తం దిగిరావడం సులభం. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఆ పనికి ప్రకృతి రెండు ఏర్పాట్లు చేసింది. మనిషి నడిచినప్పుడల్లా పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి నెడతాయి. అది మళ్లీ కిందికి జారకుండా సిరలలోని చిన్న చిన్న కవాటాలు అడ్డుపడతాయి. ఈ కవాటాలు రక్తాన్ని గుండె వైపుకే పోనిస్తాయని ఆంగ్ల వైద్యుడు విలియం హార్వీ 1628లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు.

కవాటాలు బలహీనపడితే రక్తం కాలిలో నిలిచిపోతుంది. సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. చివరకు మానని పుండ్లు పడవచ్చు. గంటల తరబడి నిలబడి పనిచేసే ట్రాఫిక్ పోలీసులు, కాపలాదారులు, ఉపాధ్యాయులు, దుకాణాల సిబ్బంది ఈ బాధకు తరచు గురి అవుతుంటారు.

అమెరికాలోని టొలీడో నగరంలో స్థిరపడిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరు ఈ బాధను స్వయంగా అనుభవించాడు. ఈతకొలనులో నిలుచున్నప్పుడు తన కాళ్ల నొప్పి తగ్గుతున్నదని ఆయన గమనించాడు. నీటి లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. కనుక పాదం వద్ద ఎక్కువ, మోకాలి వద్ద తక్కువ ఒత్తిడి కలుగుతుంది. అదే సూత్రంతో 1950 ప్రాంతంలో ఆయన మేజోళ్లు తయారుచేశాడు. నేటి కంప్రెషన్ మేజోళ్లన్నీ చీలమండ వద్ద గట్టిగా, పైకి పోయినకొద్దీ వదులుగా ఉండడానికి మూలం ఇదే.

ఈ ఒత్తిడిని రక్తపోటు మాదిరిగానే పాదరస మిల్లీమీటర్లలో కొలుస్తారు. 15 నుండి 20 వరకు ఉన్నవి తేలికపాటివి. దూర ప్రయాణాలకు, సాయంకాలపు వాపులకు వాడుతారు. 20 నుండి 30, అంతకుమించి 30 నుండి 40 వరకు ఉన్నవాటిని వైద్యుని సలహాపైనే ధరించాలి. ఇవి పాడైన కవాటాలను బాగుచేయలేవు. తొడుక్కున్నంతసేపు వాటి పనికి ఊతమిస్తాయి, అంతే. అన్ని సందర్భాలలోను ఇవి మేలు చేస్తాయని చెప్పడానికీ వీలులేదు. పక్షవాతం వచ్చిన 2,500 మందికి పైగా రోగులపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. తొడ వరకు ఉండే మేజోళ్లు రక్తపు గడ్డలను చెప్పుకోదగినంతగా నివారించలేదు సరికదా, కొందరికి చర్మంపై బొబ్బలు, పుండ్లు తెచ్చిపెట్టాయని అందులో తేలింది.

నొప్పి తెలియని పాదం

2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం దేశంలో మధుమేహ రోగులు 10 కోట్ల పైచిలుకు. ఈ వ్యాధి ముదిరినకొద్దీ చాలామందిలో పాదాల నరాలు స్పర్శను కోల్పోతాయి. నొప్పి లేకపోవడం వరమని తోచవచ్చు. నిజానికి అది శాపం.

ఈ సత్యాన్ని లోకానికి చాటినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యుడు. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో జన్మించిన ఈ శస్త్రవైద్యుడు 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరాడు. కుష్ఠురోగుల వేళ్లు వాటంతటవే రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియక తగిలించుకున్న గాయాలే అందుకు కారణమనీ ఆయన గుర్తించాడు. తరువాత అమెరికాలో మధుమేహ రోగుల పాదాలకూ ఇదే సూత్రం వర్తిస్తుందని చూపాడు.

డయాబెటిక్ మేజోడు తయారీలో ఈ జ్ఞానమే ఇమిడి ఉన్నది. వేళ్ల వద్ద లావుపాటి కుట్టు ఉండదు. ఉంటే ఒరుసుకొని బొబ్బ లేస్తుంది. పై అంచు వదులుగా ఉంటుంది. చెమటను పీల్చే నూలుతో, అరికాలి కింద మెత్తగా అల్లుతారు. తెలుపు లేదా లేతరంగు మేలు: నొప్పి తెలియకపోయినా నెత్తుటి మరకో, చీము మరకో కంటికి కనిపిస్తుంది.

బిగింపునకు ముందు పరీక్ష

మధుమేహం నరాలనే గాక ధమనులనూ దెబ్బతీస్తుంది. పాదానికి రక్తం సరిగా చేరని మనిషి, కాళ్లు వాచాయని బిగువైన మేజోడు తొడిగితే వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోవచ్చు. స్పర్శ లేదు కనుక బాధ తెలియదు. తెలిసేనాటికి వేలు నల్లబడి ఉంటుంది.

అందువల్ల కంప్రెషన్ మేజోడు కొనేముందు చీలమండ వద్ద, చేతి వద్ద రక్తపోటును కొలిపించుకోవాలి. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే వచ్చే అంకె 1 నుండి 1.4 వరకు ఉంటే సాధారణం. 0.9కి తగ్గితే ధమనులలో అడ్డంకి ఉన్నట్లు అనుమానించాలి. 0.5కన్న తక్కువైతే బిగింపు కూడదు. మధుమేహ రోగులలో ధమనులు గట్టిపడి ఈ అంకె పొరపాటున ఎక్కువగా కనిపించవచ్చు. కనుక వేలి వద్ద కూడా ఒత్తిడి చూడవలసి రావచ్చు. ఒక్కసారిగా ఒక కాలే వాచి నొప్పి పెడితే మేజోడు వెతకరాదు, వైద్యుని చూడాలి. గుండె జబ్బు వల్ల వచ్చే వాపుకూ ఇదే మాట.

తొడుక్కునే తీరు

కొలతలు ఉదయం, వాపు రాకముందే తీసుకోవాలి: చీలమండ పైన సన్నని చోట చుట్టుకొలత, పిక్క లావైన చోట చుట్టుకొలత, మడమ నుండి మోకాలి మడత వరకు పొడవు. నిద్రలేచిన వెంటనే తొడగడం ఉత్తమం. మేజోడును మడమ వరకు తిరగదీసి, పాదం దూర్చి, మడమను సరిగా కుదిర్చి, ఆపైన కొంచెం కొంచెంగా పైకి లాగాలి. రబ్బరు చేతొడుగులు వేసుకుంటే పట్టు చిక్కుతుంది. పొడవైనదని అంచును కిందికి మడవకూడదు. మడిచిన చోట బిగువు రెట్టింపై తాడు కట్టినట్లవుతుంది. రాత్రి విప్పివేయాలి. గోరువెచ్చని నీటిలో ఉతికి నీడలో ఆరవేయాలి. సాగుడు తగ్గుతుంది కనుక కొద్ది నెలలకొకసారి మార్చాలి.

ఢిల్లీ వాతావరణానికి తగిన జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. చలికని రెండు జతలు ఒకదానిపై ఒకటి వేసి బూటులో ఇరికిస్తే వేళ్లు నలుగుతాయి. స్పర్శ లేని పాదాలను హీటరుకు చేరువగా పెట్టడం, వేడినీటి సంచి ఆనించడం కాలిన గాయాలకు దారితీస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు తరువాత విచారించి ప్రయోజనం లేదు. మే, జూన్ నెలలలో గుడికి గాని గురుద్వారాకు గాని వెళ్లేవారు రాళ్లు వేడెక్కకముందే వెళ్లిరావాలి.

ఎంత మంచి మేజోడైనా కంటికి బదులు కాదు. రాత్రి దానిని విప్పినప్పుడు కాలిపై లోతైన గాడి కనిపిస్తే అది బిగువైనదని అర్థం. అప్పుడే చిన్న అద్దం నేలమీద పెట్టి అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. కాలు వంగని పెద్దవారికి ఇంటివారు ఆ పని చేసిపెట్టాలి. రెండు నిమిషాల ఈ పరిశీలనే ఒక్కొక్కప్పుడు ఒక పాదాన్ని కాపాడుతుంది.