దొంగ ఓటు నింద ఎవరి మీద పడుతుంది?

దొంగ ఓటు అనే మాట మన వాడలకు కొత్తది కాదు. కూలి మానుకుని పొద్దున్నే బూతుకు పోతే "నీ ఓటు ఎప్పుడో పడిపోయింది, ఇంటికి పో" అనిపించుకున్న పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. అప్పుడు దొంగ ఎవరో, పోగొట్టుకున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. గత కొన్నేళ్ళుగా ఈ మాట తలకిందులైంది. గెలుస్తామనుకున్న పెద్దలు ఓడిపోతే చాలు, "దొంగ ఓట్లతో ఓడించారు" అనే కేక లేస్తున్నది. ఎవరో తీసిన వీడియో ముక్క ఒకటి, దాని కింద నాలుగు వాక్యాలు, తెల్లారేసరికి లక్షల ఫోన్లలోకి చేరిపోతుంది. నింద మాత్రం ఓట్లు లెక్కపెట్టే చిన్న ఉద్యోగి మీదా, పేదలుండే పేటల మీదా పడుతుంది.

ఇట్లాంటి నిందల్ని ఎట్లా పరిశీలించాలి? పుకారుకూ నిజమైన ఫిర్యాదుకూ తేడా ఎక్కడుంది? ఈ వ్యాసంలో అమెరికాలో 2020 నవంబరు 3న జరిగిన అధ్యక్ష ఎన్నికను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కారణాలు రెండు. ఒకటి, అక్కడ ఆరోపణ, విచారణ, కోర్టు తీర్పు అన్నీ చివరిదాకా నడిచాయి కాబట్టి ప్రతి మెట్టునూ మనం చూడవచ్చు. రెండు, అక్కడ నింద మోసింది నల్లవారు. 1946లో డూబాయ్‌కి ఉత్తరం రాసిన అంబేడ్కర్ నుంచి, 1972లో నల్లవారి పాంథర్ల పేరు తీసుకున్న దళిత పాంథర్ల దాకా మనకు వాళ్ళ పోరాటంతో సంబంధం ఉంది.

అట్లాంటాలో ఒక తల్లీ కూతురూ

జార్జియా రాష్ట్రంలో జో బైడెన్ 11,779 ఓట్ల తేడాతో గెలిచాడు. రాష్ట్ర రాజధాని అట్లాంటా ఫల్టన్ కౌంటీలో ఉంది. అక్కడ స్టేట్ ఫార్మ్ అరీనా అనే ఆటల హాల్లో పోస్టు ద్వారా వచ్చిన ఓట్లను లెక్కపెట్టారు. లెక్కించిన వాళ్ళలో రూబీ ఫ్రీమన్, ఆమె కూతురు షే మాస్ ఉన్నారు. ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. కూతురు కౌంటీ ఉద్యోగి, తల్లి ఆ ఎన్నిక కోసం తాత్కాలికంగా చేరిన మనిషి.

2020 డిసెంబరు 3న ట్రంప్ తరఫు వాళ్ళు జార్జియా సెనేటు సభ్యుల ముందు ఒక వీడియో చూపించారు. అర్ధరాత్రి పరిశీలకుల్ని పంపేసి, బల్ల కింద దాచిన సూట్‌కేసుల్లోంచి దొంగ ఓట్లు తీశారనీ, ఒకే కట్టను మళ్ళీ మళ్ళీ యంత్రంలో పెట్టారనీ ఆరోపణ. కొద్దిరోజులకే ట్రంప్ న్యాయవాది రూడీ జులియాని మరో మాట కలిపాడు. తల్లీ కూతుళ్ళు యుఎస్‌బీ ముక్కల్ని మాదకద్రవ్యాల మాదిరి చేతులు మార్చుకున్నారన్నాడు. 2021 జనవరి 2న ట్రంప్ స్వయంగా రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కు ఫోను చేశాడు. ఫ్రీమన్ పేరు పదే పదే ఎత్తాడు. తనకు 11,780 ఓట్లు కావాలన్నాడు. అంటే తేడా కంటే ఒక్కటి ఎక్కువ. రాఫెన్స్‌పర్గర్ ట్రంప్ పార్టీ మనిషే. అయినా ఒప్పుకోలేదు.

ఎట్లా తేల్చారు?

విచారణాధికారులు మొట్టమొదట చేసిన పని చాలా మామూలుది. ముక్కను పక్కనపెట్టి ఆ రాత్రి రికార్డింగు మొత్తం చూశారు. ముక్కలో లేనిది మొత్తంలో దొరికింది. రాత్రి పది దాటాక, ఆ రోజుకు పని అయిపోయిందనుకుని సిబ్బంది మిగిలిన ఓట్లను పెట్టెల్లో సర్ది బల్ల కింద పెట్టారు. అప్పటికి హాల్లో ఇంకా జనం ఉన్నారు. పరిశీలకులూ, పత్రికల వాళ్ళూ వెళ్ళిపోతున్న సమయంలో, పని ఆపొద్దని పైనుంచి మాట వచ్చింది. సర్దిన పెట్టెల్నే మళ్ళీ తీశారు. అవి సూట్‌కేసులు కావు. ఓట్లు మోయటానికి కౌంటీ వాడే మామూలు పెట్టెలే.

ఒక కట్టను రెండుసార్లు యంత్రంలో ఎందుకు పెట్టారు? కాగితం ఇరుక్కున్నప్పుడు ఆ కట్ట లెక్కను రద్దుచేసి మొత్తం కట్టను మళ్ళీ పెట్టాలి. అది పద్ధతి. నిజంగానే ఒక్కో ఓటును మూడేసిసార్లు లెక్కపెట్టి ఉంటే, కాగితాల కంటే యంత్రం చెప్పిన అంకె చాలా పెద్దది కావాలి. జార్జియాలో దాదాపు 50 లక్షల కాగితపు ఓట్లను మనుషులు చేత్తో లెక్కపెట్టారు. తర్వాత యంత్రంతో మళ్ళీ లెక్కించారు. మూడు లెక్కల్లోనూ గెలిచింది బైడెనే. యుఎస్‌బీ సంగతి? తల్లి తన చేతికిచ్చింది అల్లం మిఠాయి బిళ్ళ అని కూతురు 2022 జూన్‌లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ రాత్రి కొంతసేపు పరిశీలకులు లేకుండా పని జరిగిన మాట నిజమే. రెండోసారి యంత్రంతో లెక్కించినప్పుడు కొన్ని ఓట్లు రెండుసార్లు పడినట్టు తేలి 2024లో రాష్ట్ర ఎన్నికల బోర్డు ఫల్టన్ కౌంటీని మందలించింది కూడా. ఐతే అది ఫలితం మారేంత తప్పు కాదు. తప్పు వేరు, దొంగతనం వేరు. తప్పును తప్పని ఒప్పుకుంటూనే దొంగతనం జరగలేదని చెప్పగలగాలి. ఈ తేడా పట్టుకోకపోతే ఎవరి మాటా నిలవదు.

2023 జూన్‌లో రాష్ట్ర ఎన్నికల బోర్డు ఆరోపణలు అబద్ధమని తేల్చి విచారణను ముగించింది. ఆ విచారణలో ఎఫ్‌బీఐ కూడా పాలుపంచుకుంది. తల్లీ కూతుళ్ళు వేసిన పరువునష్టం దావాలో, తన మాటలు నిజం కావన్న విషయంలో తాను వాదించబోనని జులియాని ఒప్పుకున్నాడు. 2023 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించాలంది.

కాని తీర్పు వచ్చేదాకా ఆ ఇద్దరి బతుకేమిటి? చంపుతామని బెదిరింపులు. ముసలి అమ్మమ్మ ఇంటి మీదికి జనం. ఎఫ్‌బీఐ సలహా మీద ఫ్రీమన్ సుమారు రెండు నెలలు ఇల్లు వదిలి తలదాచుకుంది. నలుగురిలో తన పేరు చెప్పుకోటానికి కూడా భయపడింది. నింద ముందు వస్తుంది, దాడి తర్వాత వస్తుంది. 1991లో చుండూరులో కూడా కథ సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతోనే మొదలైంది.

నగరం పేరు చూసి అనుమానం

మిషిగన్‌లో డెట్రాయిట్ నగరం సంగతి చూడండి. అక్కడ నూటికి 75 మందికి పైగా నల్లవారు. ఓటర్ల కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని, నూటికి 139 పడ్డాయని ప్రచారం చేశారు. నిజానికి నమోదైన ఓటర్లలో సుమారు సగం మందే ఓటు వేశారు. ఈ ఆరోపణల మీద విచారణ చేసింది ట్రంప్ పార్టీకి మెజారిటీ ఉన్న రాష్ట్ర సెనేటు కమిటీ. పెద్ద ఎత్తున మోసం జరిగిన ఆధారం లేదని 2021 జూన్‌లో అదే రాసింది.

ఐనా అసలు విషయం మరోచోట ఉంది. ఓటరు పుస్తకంలో సంతకాలకూ పెట్టెలో కాగితాలకూ ఒకటి రెండు తేడా రావటం మామూలే. ఒకడు పేరు రాయించుకుని వరస పొడవు చూసి వెళ్ళిపోతాడు. అంతే, లెక్క తప్పుతుంది. డెట్రాయిట్‌లో అలాంటివి కొన్ని వందల ఓట్లు. పక్కనే తెల్లవారుండే లివోనియాలోనూ అలాంటి తేడాలున్నాయి. 2020 నవంబరు 17న కౌంటీ బోర్డులో ట్రంప్ పార్టీ సభ్యులిద్దరు ఫలితాన్ని ఆమోదించమన్నారు. డెట్రాయిట్‌ను మినహాయించి మిగతా ఊళ్ళ ఓట్లను ఆమోదించటానికి సిద్ధమేనని వాళ్ళలో ఒకరన్నారు. జనం నిలదీశాక ఆ రాత్రే ఇద్దరూ ఒప్పుకున్నారు. 2016లో కూడా డెట్రాయిట్‌లో ఇలాంటి తేడాలున్నాయి. ఆ ఏడు మిషిగన్‌లో గెలిచింది ట్రంప్. అప్పుడు బోర్డు ఆమోదించింది. తేడా లెక్కలో లేదు, చూసే కంట్లో ఉంది.

"తెల్లారేసరికి ఓట్లెట్లా పెరిగాయి?" అన్నది మరో ప్రచారం. విస్కాన్సిన్‌లో పోస్టు ఓట్ల కవర్లను పోలింగు రోజుకు ముందు విప్పటానికి చట్టం ఒప్పుకోదు. మిల్వాకీ నగరం ఆ ఓట్లన్నిటినీ ఒకచోట లెక్కించి, సుమారు 1,70,000 ఓట్ల ఫలితాన్ని తెల్లవారుజామున ఒక్కసారే ప్రకటించింది. కరోనా ఏడాది పోస్టు ఓటు ఎక్కువగా వాడింది బైడెన్ వైపు వాళ్ళు. గీత ఒక్కసారిగా పైకి లేవటానికి కారణం అదే. పద్ధతి తెలియనివాడికి అది మాయగా కనిపిస్తుంది.

నిజమైన దొంగ ఓట్లు అసలు లేవా? ఉన్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆరు రాష్ట్రాల్లో ప్రతి కేసునూ వెతికితే అనుమానించదగ్గవి 475 లోపే తేలాయి. జార్జియాలో దాదాపు 5,000 మంది చచ్చిపోయిన వాళ్ళు ఓటేశారన్నాడు ట్రంప్. చివరికి దొరికింది నాలుగు. సున్నా అని ఎవరూ చెప్పటం లేదు. ఎంత అన్నదే ప్రశ్న.

అబద్ధం చట్టంగా మారిన తీరు

అబద్ధం రుజువు కాకపోయినా దాని పని అది చేసింది. 2021 మార్చిలో జార్జియా ప్రభుత్వం "ఎన్నికల మీద నమ్మకం నిలబెట్టటానికి" కొత్త చట్టం తెచ్చింది. ఓట్లు వేసే డబ్బాల్ని తగ్గించింది. పోస్టు ఓటుకు గుర్తింపు నిబంధనలు బిగించింది. పోలింగు భవనానికి 150 అడుగుల లోపల వరసలో నిలబడ్డ ఓటర్లకు ఎవరూ నీళ్ళూ తిండీ పంచకూడదంది. ఒక మనిషి ఎంతమంది ఓటర్ల మీదైనా అభ్యంతరం పెట్టవచ్చునంది. గంటల తరబడి వరసలో నిలబడేది ఎక్కువగా నల్లవారి పేటల్లోనే అని గుర్తుంచుకుంటే ఈ చట్టం ఎవరి మెడకో అర్థమవుతుంది. 1965లో సెల్మాలో దెబ్బలు తిని సాధించుకున్న ఓటు హక్కుకు కోత పెట్టాలంటే ముందు ఆ ఓటు దొంగదని నమ్మించాలి.

మన దగ్గర

2019 ఎన్నికలప్పుడు మన ఫోన్లకు వచ్చిన ఒక సందేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించి 49ఏ కింద 'ఛాలెంజ్ ఓటు' వెయ్యొచ్చనీ, టెండరు ఓట్లు నూటికి 14 దాటితే రీపోలింగు జరుగుతుందనీ దాని సారాంశం. ఎన్నికల సంఘం దాన్ని ఖండించింది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఏ ఓటింగు యంత్రం ఎట్లా ఉండాలో చెప్పే నియమం. ఛాలెంజ్ అనేది ఓటరు చేసేది కాదు. వచ్చిన మనిషి అసలు ఓటరు కాడని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు కట్టి చేసే అభ్యంతరం. 14 శాతం నియమం ఎక్కడా లేదు. నిజమైనది ఒక్కటే. మన పేరుతో ఇంకెవరో ఓటేసి ఉంటే 49పి కింద కాగితం మీద టెండరు ఓటు అడిగే హక్కు. ఐతే దాన్ని మామూలు లెక్కింపులో కలపరు, విడిగా కవరులో ఉంచుతారు. కోర్టులో గెలుపోటముల తగాదా వస్తే అది సాక్ష్యం.

ఆ సందేశం చేసిన హాని చూడండి. దాన్ని నమ్మినవాడు జాబితా చూసుకోడు. పోలింగు రోజు ఆధార్ పట్టుకుని వెళ్ళి వెనక్కి వస్తాడు. అసలు దొంగతనం మాత్రం జాబితాలోనే జరిగిపోయి ఉండవచ్చు. 2018లో తెలంగాణలో ఎంతోమంది పేర్లు గల్లంతై, ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల ఓట్లు తీసెయ్యాలంటూ పెద్దఎత్తున బోగస్ ఫారం 7 దరఖాస్తులు పడి పోలీసు కేసులయ్యాయి.

అధికారుల బాధ్యత కూడా చెప్పుకోవాలి. 2024 లోక్‌సభ ఎన్నికల తొలి దశ పోలింగు ఏప్రిల్ 19న జరిగితే పూర్తి శాతాలు ఏప్రిల్ 30న గాని రాలేదు. సాయంత్రం చెప్పిన అంకె కంటే చివరి అంకె పెరగటానికి సరైన కారణాలున్నాయి. గడువులోగా వరసలో చేరినవాళ్ళు రాత్రయినా ఓటు వేస్తారు. కాని చెప్పవలసినవాడు ఆలస్యం చేస్తే ఆ ఖాళీలోకి పుకారు జొరబడుతుంది.

ఏం అడగాలి?

ఏ వీడియో వచ్చినా ముందుకు పంపేముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ ఊరు, ఏ తేదీ, ఏ బూతు? ముక్కా, మొత్తమా? ఇందులో కనిపించే పని నియమాల ప్రకారం జరిగేదేనా? ఆరోపణ నిజమైతే ఏ కాగితంలో దాని గుర్తు కనిపించాలి? మన దగ్గర ఆ కాగితం ఫారం 17సి. బూతులో పడిన మొత్తం ఓట్ల లెక్క, ఏజెంట్లకు కాపీ ఇస్తారు. లెక్కింపు రోజు దాన్ని యంత్రం అంకెతో సరిచూడవచ్చు. అంత దోపిడీ జరిగిందంటున్నవాడు కోర్టుకు ఏం పట్టుకుపోయాడు? అమెరికాలో 60కి పైగా కేసులు వేసినవాళ్ళు టీవీలో అన్న మాటల్ని జడ్జి ముందు ఆధారాలతో నిలబెట్టలేకపోయారు. చివరి ప్రశ్న మనది: ఈ నింద ఎవరి పేట మీద పడుతోంది?

నిజమైన ఫిర్యాదుకు ఊరు, బూతు నంబరు, మనిషి పేరు, సాక్షి ఉంటాయి. మన వాళ్ళను ఓటెయ్యనివ్వకుండా బెదిరించటం, ఫలానా వాడికే వెయ్యమని ఒత్తిడి చెయ్యటం అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షను కింద నేరం. అక్కడ కేసు పెట్టాలంటే మన మాటకు విలువ ఉండాలి. పుకార్లు మోసిన నోటితో చెప్పిన నిజాన్ని ఎవరూ వినరు.

1919లో సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి అంబేడ్కర్ అంటరానివారికి ఓటు అడిగాడు. ఆస్తి లేనివాళ్ళకూ చదువు లేనివాళ్ళకూ ఓటెందుకన్నవాళ్ళు అప్పుడు బాహాటంగానే అన్నారు. ఇప్పుడు అలా అనలేరు కాబట్టి వాళ్ళ ఓటు దొంగదంటారు. వచ్చే ఎన్నికకు ముందే, వాడలో చదువుకున్న పిల్లలు ఓటరు జాబితా తెచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో పేరూ సరిచూడాలి.