కల్లు మానిన మూడో రోజు

ఫిట్స్‌తో చేర్చిన మనిషికి ఏ అలవాటూ లేదని ఇల్లాలు రాయించింది. మధ్యాహ్నం దాటాక, పక్క మంచం వాళ్ళు వినకుండా నా దగ్గరకొచ్చి, “సారూ, రోజూ కల్లు దాగుతుండె. బంద్ జేసి మూడొద్దులైంది. రాత్రి సంది గోడ మీద పాములు వోతున్నయంటుండు” అంది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, “బిడ్డకు సంబంధం కుదిరింది. పిల్ల అత్తగారోళ్లకు ఎర్కైతే ఎట్ల సారూ” అని కళ్ళొత్తుకుంది. ఈలోగా అసలు వైద్యం పూట ఆలస్యమైంది.

మన వైపు అమ్మే కల్లంతా చెట్టు నుంచి దించింది కాదన్నది అందరికీ తెలిసిన రహస్యమే. మత్తు కోసం ఆల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. ఏళ్ళ తరబడి వీటికి అలవాటుపడిన మెదడు, ఒక్కసారిగా అందకపోతే తిరగబడుతుంది. వణుకు, నిద్రలేమి, భ్రమలు, ఫిట్స్. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం ఈ బాధలతోనే వచ్చారు. కాబట్టి పౌరుషానికి పోయి ఒక్కరోజులో మానకండి. డాక్టరు పర్యవేక్షణలో బదులు మందు వాడుతూ, దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

తాగుబోతుకు హక్కులేమిటని నవ్వేవారున్నారు. మా వృత్తిలోనూ ఉన్నారు, సిగ్గుచేటు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు అలవాట్ల వల్ల వచ్చే జబ్బులకూ వర్తిస్తుంది. మాన్పిస్తామని గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. ఇచ్చే మందేమిటో, ఎందుకో రోగి అడగవచ్చు. అతని సంగతి వియ్యాలవారికి చెప్పే అధికారం మాకు లేదు. ఈ మాట చెప్పాకే ఆ ఇల్లాలి మనసు కుదుటపడింది.

మరి మీ వంతు? రోజుకెన్ని సీసాలో, ఇంకేం మాత్రలు మింగుతున్నారో దాచకండి. మా మందు వేసుకుంటూ మళ్ళీ కల్లు తాగితే ఊపిరికే ప్రమాదం. నిద్ర బాగా పట్టిందని ఆ మాత్రలు పొరుగువారికి పంచకండి. తగ్గిందని మధ్యలో ఆపకండి. మన ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులో సలహాకు 14446కు ఉచితంగా చేయవచ్చు. ఫిట్స్ వస్తే మాత్రం ఫోన్లో సలహాల కోసం ఆగకుండా 108కి చేయండి.

ఆ పెద్దమనిషి పన్నెండో రోజు ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేముందు మరోసారి లెక్క అడిగాను. భార్య నాలుగు సీసాలంది. ఆయన ఆమె వైపు చూసి, “ఆరు సారూ” అన్నాడు.