నలుపు తెలుపుల్లో సీమ: వింతలు, విశేషాలు

రాయలసీమలో కరువు వానకే గానీ రంగులకు కాదు. అయినా వందేళ్లకు పైగా ఈ ప్రాంతాన్ని లోకం చూసింది నలుపు తెలుపుల్లోనే. ఆ బొమ్మలు తీసినవాళ్లు ఏం చూపారు, ఏం వదిలేశారు అన్నది తవ్వితే చాలా విశేషాలు బయటపడతాయి.

మొట్టమొదటిది పల్లె బొమ్మే

సీమ బొమ్మల కన్నా ముందు, అసలు ఫొటో ఎక్కడ మొదలైందో చూద్దాం. కెమెరాతో తీసిన వాటిలో నేటికీ మిగిలున్న అతి పాత చిత్రం ఏ రాజుదో, రాణిదో కాదు. 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఓ పల్లెలో నిసెఫోర్ నియెప్స్ తన ఇంటి పై కిటికీలోంచి తీసిన కప్పులు, గోడలు. గంటల తరబడి కెమెరా తెరిచే ఉంచడంతో, ఈలోగా పొద్దు ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లిపోయింది. అందుకే ఎదురెదురు గోడలు రెండింటి మీదా ఎండ పడినట్టుంటుంది!

నెగటివ్ ఎంతో, ఫొటో అంత

కర్నూలు, కడపలతో పాటు దత్త మండలాల్లో (సీమకు పాత పేరు) ఉన్న బళ్లారి జిల్లాలోదే నాటి హంపీ. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి అక్కడి శిథిలాలను మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద తీశాడు. ఒక్కోటి సుమారు 16 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు. అప్పట్లో బొమ్మను పెద్దది చేసే వీలు అంతగా లేదు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టాల్సిందే. పెద్ద ఫొటో కావాలంటే కెమెరా కూడా అంత పెద్దది మోయాలి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. నూట పాతికేళ్లకు పైగా ఎడమున్న రెండు హంపీలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఎర్రనేలా? రేగడా?

ఆనాటి రసాయనాలకు నీలి కాంతి తప్ప ఎరుపు ఆనేది కాదు. ఎర్రమట్టి దాదాపు నల్లగా, నీలాకాశం తెల్ల కాగితంలా పడేవి. పాత ఫొటోలో నల్లగా ఉన్న చేను నంద్యాల రేగడే కానక్కర్లేదు, డోన్ వైపు ఎర్రచెలక కూడా కావొచ్చు. అలా తెల్లబడిన ఆకాశంలో మబ్బులు కావాలనుకున్న లీనియస్ ట్రైప్ లాంటి ఫొటోగ్రాఫర్లు వాటిని నెగటివ్ మీద కుంచెతో దిద్దుకున్నారు.

కరువుకూ ఫోజే

1876-78 నాటి ధాతు కరువులో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. మద్రాసు సైన్యాధికారి డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ మద్రాసు ప్రెసిడెన్సీలోని కరువు బాధితులను ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్లయిన మనుషులను పెళ్లి ఫొటోలో చుట్టాల్లా వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీశాడు. ఆ తర్వాత 1886లో ఇదే హూపర్ బర్మాలోని మాండలేలో మరణశిక్షలు అమలవుతుండగా ఫొటోలు తీసి, బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లిన దుమారంలో చిక్కుకున్నాడు.

ఫాల్కే అందుకున్న తొలి అన్నదమ్ములు

కడప జిల్లాకు చెందిన బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి అన్నదమ్ములు. 1974 సంవత్సరానికి అన్నకు, 1986కు తమ్ముడికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. గ్రీన్‌లా తీసినవి హంపీ శిథిలాలైతే, బి.ఎన్. 1951లో ‘మల్లీశ్వరి’ కోసం శిథిలం కాకముందున్న రాయల కాలాన్ని నలుపు తెలుపుల్లో నిలబెట్టారు. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా కురిపించిన వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2010లో ఆ సినిమాకు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు.

మూడేళ్ల రాజధాని

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. భవనాలు చాలక ఆఫీసులను గుడారాల్లో నడిపారు. రంగుల ఫిల్ము మామూలు జనానికి అందని రోజులవి. ఆ రాజధాని జ్ఞాపకం నలుపు తెలుపుల్లోనే మిగిలింది.

గోధుమ రంగు రెండు రకాలు

గోధుమ రంగు తేలిన పాత ఫొటోలన్నిటినీ సెపియా అనేస్తాం గానీ, అసలైన సెపియా కావాలని చేసేది. ఫొటోలోని వెండిని వెండి సల్ఫైడుగా మారుస్తారు. డార్క్‌రూమంతా కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది గానీ, బొమ్మ మాత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంట్లో గోడకు వేలాడే తాతగారి ఫొటో అంచుల నుంచి పసుపెక్కి, ముఖం వెలిసిపోతూ ఉంటే అది సెపియా కాదు, సరిగా కడగకపోవడం లాంటి కారణాలతో చెడిపోతున్న ఫొటో. ముందు దాన్ని స్కాన్ చేయించండి.

గండికోటలో తీయాలంటే

గండికోట పక్కనే ఉన్నది ఎర్రమల కొండలను పెన్న కోసిన లోయ. నడినెత్తిన పొద్దుంటే రాతి పొరలన్నీ చదునుగా పడతాయి. ఏటవాలు ఎండలో ఒక్కో పొర కిందా నీడ గీత తేలుతుంది. నలుపు తెలుపు ఫిల్ము వేసి, లెన్స్‌కు ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే కథ తిరగబడుతుంది: ఎర్రరాయి తెల్లబడుతుంది, ఆకాశం నల్లబడుతుంది. గ్రీన్‌లాకు రసాయనం ఏది ఇస్తే అదే గతి. ఇప్పుడు ఆ కొండ ఎంత తెల్లగా రావాలన్నది తీసేవాళ్ల ఇష్టం.